మా పిల్లకు ఛాన్సెంత?

2016 జూన్‌లో పదో తరగతి పాసైన మా అక్క కూతుర్ని వెంటబెట్టుకుని హైదరాబాద్‌లోని ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీకి పోయాం. ఉర్దూ మీడియం పిల్ల. సర్కారీ బడి. జీపీఏ 9.3. గేటు దగ్గర పీఆర్వో ఎదురొచ్చి "రండి సార్, కూర్చోండి సార్" అన్నాడు. మా ప్యాంటూ షర్టూ, మా తెలుగూ చూస్తే ఆయనకు ఏ అనుమానమూ రాలేదు. అక్కా పిల్లా ఆటోవాడికి డబ్బులిచ్చి వెనక వచ్చారు. ఇద్దరికీ బురఖాలు. ఫారం నింపి ఇచ్చాం. పిల్ల పేరు, తండ్రి పేరు, చదివిన మీడియం. అక్కడి దాకా చదివి తలెత్తాడు. "బైపీసీనా భాయ్?" అన్నాడు.

సార్ నుంచి భాయ్‌కి రావడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. భాయ్ మంచి మాటే. మేం ఒకరినొకరం అలాగే పిలుచుకుంటాం. కానీ టేబుల్‌కి అవతల కూర్చున్నవాడి నోట్లోంచి వచ్చినప్పుడు ఆ మాటకు వేరే అర్థం ఉంటుందని పంక్చర్ షాపులో, మటన్ కొట్టులో, ఆటో స్టాండులో బతికే ప్రతి ముస్లింకీ తెలుసు.

"నీట్‌కి ఛాన్స్ తక్కువ భాయ్. ఉర్దూ మీడియం కదా. మీవాళ్లకు యునానీ ఉంటది, అది చూస్కోండి. లేదంటే ఐపీఈ సెక్షన్‌లో వేస్తా, ఫీజు తగ్గిస్తా." మార్కుల మెమో అప్పటికింకా అక్క సంచిలోని కవర్లోనే ఉంది.

యునానీని మేం తక్కువ చేసి మాట్లాడటం లేదు. చార్మినార్ పక్కనున్న నిజామియా తిబ్బీ కాలేజీ మీద మాకు గౌరవం ఉంది. అయితే తొమ్మిది పైన జీపీఏ వచ్చిన ఏ రెడ్డి గారి అమ్మాయికో, ఏ చౌదరి గారి అబ్బాయికో "మీకు ఆయుర్వేదం ఉంది కదా" అని గేటు దగ్గరే చెప్పిన పీఆర్వో ఎవరైనా ఉన్నాడా? ఉంటే చూపించండి.

లౌకికవాద మిత్రులు ఇక్కడ ఒక మాట అంటారని తెలుసు. "ఆయన వివక్ష చూపలేదు, అనుభవంతో అంచనా వేశాడు. ఉర్దూ మీడియం పిల్లలు ఇంగ్లీషులో వెనకబడతారు, అది నిజమే కదా." ఈ మాటకే మేం జవాబు చెప్పాలనుకుంటున్నాం. ఎందుకంటే పైకి ఇది లెక్కలాగా కనబడుతుంది, లెక్కతో ఎవరూ కొట్లాడరు.

కార్పొరేట్ కాలేజీలో అంచనా తర్వాత ఏం జరుగుతుందో చూడండి. "ఛాన్స్ ఉంది" అన్న పిల్లలు ఒక సెక్షన్. వాళ్లకు మంచి లెక్చరర్లు, వారం వారం నీట్ మోడల్ టెస్టు, రాత్రి దాకా స్టడీ అవర్, విడి మెటీరియల్. "ఛాన్స్ లేదు" అన్న పిల్లలు ఇంకో సెక్షన్. వాళ్లకు ఇంటర్ పబ్లిక్ పరీక్ష గట్టెక్కితే చాలు. మా పిల్లను ఈ రెండో దాంట్లో వేశారు. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో 45 ఫిజిక్స్. ఆ సెక్షన్‌లో రెండేళ్లలో నీట్ స్థాయి ఫిజిక్స్ లెక్క ఒక్కటి కూడా బోర్డు మీద వేయలేదు. రెండేళ్ల తర్వాత పిల్లకు ర్యాంకు రాలేదు. పీఆర్వో అంచనా నిజమైంది! వానపడదని చెప్పి చెరువుకు గండికొట్టినవాడు, ఎండాకాలంలో వచ్చి "చెప్పలేదా?" అన్నట్టుంది.

ఇక ఉర్దూ సంగతి. ఈ భాషలో సైన్సు రాదని అనేవాళ్లు ఏ ఊళ్లో కూర్చుని అంటున్నారో ఒకసారి చూసుకోవాలి. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్లో వైద్యం ఉర్దూలో నేర్పారు. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే పైచదువులు చెప్పింది. దానికి ఒక ఏడాది ముందే దారుల్ తర్జుమా పెట్టి పుస్తకాలు అనువదించారు, సైన్సుకు మాటలు పుట్టించారు. ఆ ఉర్దూ మీడియం 1948 తర్వాత పోయింది. పోయిందని ఏడవడం లేదు. జాగీర్దార్ల కాలం తిరిగి రావాలని మాలో ఎవరికీ లేదు, ఆ కాలంలో కూడా మా తాతలు దూదేకి, బండ్లు తోలి బతికినవాళ్లే. కానీ తమ ఊళ్లోనే డాక్టర్లను తయారుచేసిన భాషను పిల్ల నుదుటి మీద గుడ్డి గుర్తులా వేయడం ఏం న్యాయం?

మా పిల్ల పదో తరగతి దాకా 'ఖలియా' అని చదివింది. ఇంటర్‌లో అదే 'సెల్' అయింది. 'జియాయీ తాలీఫ్' పోయి 'ఫొటోసింథసిస్' వచ్చింది. (మేం బీఏ చదివినవాళ్లం. పక్కన తెలుగు మీడియం పిల్లలు 'కిరణజన్య సంయోగక్రియ' అని వల్లిస్తుంటే విన్నాం. కష్టం అందరిదీ ఒకటే.) ఆరు నెలలు ఎవరైనా కూర్చోబెట్టి రెండు మాటల మధ్య దారి చూపిస్తే తీరే ఇబ్బంది ఇది. ఆ ఆరు నెలలు ఎవరూ ఇవ్వరు. బళ్లో కూడా ఏం ఉంది కనక? తొమ్మిదిలో, పదిలో ఫిజికల్ సైన్సు టీచర్ లేడు. ఉర్దూ మీడియం పోస్టుల్లో ఎస్సీ, ఎస్టీలకు కేటాయించినవి అభ్యర్థులు దొరక్క ఖాళీగా మిగిలిపోవడం పాత కథ. ఇందులో దళితుల తప్పేమీ లేదు. మాల మాదిగ పిల్లలకు ఉర్దూ నేర్పించే ఏర్పాటు ఏనాడూ చేయని ప్రభుత్వం, ఆ ఖాళీని మాకూ వాళ్లకూ మధ్య తగాదాగా మిగిల్చింది.

నీట్ సంగతే తీసుకోండి. 2017లో ఆ పరీక్షను పది భాషల్లో పెట్టి ఉర్దూను వదిలేశారు. సుప్రీంకోర్టు దాకా పోతే 2018 నుంచి చేర్చమని చెప్పింది. చేర్చారు, సంతోషం. కానీ అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్నే చెల్లుతుందన్నది నియమం. అదే 2018లో తమిళ ప్రశ్నపత్రంలో 49 ప్రశ్నలు తప్పుగా అనువదించారని మద్రాసు హైకోర్టు ఆ పిల్లలకు 196 మార్కులు కలపమంది. సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కోట్లమంది మాట్లాడే, ఒక రాష్ట్రమే వెనకున్న తమిళానికే అంత జరిగితే, ఏ రాష్ట్రమూ నాది అనని ఉర్దూ ఎవరికి చెప్పుకోవాలి? మా పిల్ల ఆ ఏడాదే రాసింది. ఉర్దూ పెట్టాలా, ఇంగ్లీషా అని వారం రోజులు నలిగి, ఇంగ్లీషే పెట్టింది.

"రిజర్వేషన్ ఉంది కదా" అంటారు. ఉంది. 2007 చట్టంతో వచ్చిన నాలుగు శాతం బీసీ-ఇ. 2010లో హైకోర్టు కొట్టేస్తే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. అప్పటి నుంచి ఆ ఉత్తర్వు నీడలోనే నడుస్తోంది. అయితే షేక్ పిల్ల రాష్ట్ర కౌన్సెలింగ్‌లో బీసీ, కేంద్రం జాబితాలో కాదు. 2021లో వైద్యవిద్య ఆలిండియా సీట్లలో ఓబీసీలకు 27 శాతం ఇచ్చారు, అందులో ఆమెకు చోటు లేదు. ఐఐటీలోనూ అంతే. తండ్రి ఒకడే, గల్లీ ఒకటే, ఆకలి ఒకటే. రాష్ట్రం గడప దాటగానే వెనకబాటుతనం మాయమవుతుంది! ఏ ర్యాంకుకు ఏ కాలేజీ వస్తుందో లెక్కలు చెప్పే పెద్దమనుషులు ఈ ముక్క మా తల్లిదండ్రులకు చెప్పరు. చాలామందికి కౌన్సెలింగ్ రోజునే తెలుస్తుంది.

2006లో సచార్ కమిటీ ఐఐటీల్లో లెక్క తీస్తే 27,161 మంది విద్యార్థుల్లో ముస్లింలు 894 మంది తేలారు. పేరున్న కాలేజీల డిగ్రీ చదువుల్లో పాతికమందికి ఒకరు. ఈ అంకెను చూసి "చూశారా, మీకు రాదు" అనేవాళ్లున్నారు. మేం అదే అంకెను చూసి, గేటు దగ్గరే ఎంతమందిని భాయ్ అని పక్కకు పంపారని అడుగుతున్నాం. 2016లోనే తెలంగాణలో మైనారిటీ గురుకులాలు మొదలయ్యాయి. మా గల్లీల పిల్లలే, మా అక్కల్లాంటి తల్లుల పిల్లలే అక్కడ చదివి మెడికల్ సీట్లు తెచ్చుకున్నారు. పిల్లలు మారలేదు, సెక్షన్ మారింది.

బయటివాళ్లను అని ఊరుకుంటే అబద్ధం చెప్పినవాళ్లమవుతాం. మా ఇళ్లలో అంచనాలు వేసేవాళ్లు తక్కువా? "అప్‌నే లోగాఁ కో కౌన్ సీట్ దేతా?" అని మేనమామలు, చిన్నాన్నలు పిల్ల పరీక్ష రాయకముందే తీర్పు చెబుతారు. వరంగల్‌లో సీటొస్తే అంత దూరం ఎట్లా పంపుతాం అంటారు. పిల్లోడు దుబాయి పోతానంటే మాత్రం దూరం గుర్తురాదు. మా పిల్ల రెండోసారి రాస్తానంది. లాంగ్ టర్మ్ కోచింగ్ ఫీజు మా బావ తేలేనన్నాడు, ఏసీలు రిపేరు చేసే మనిషి. అదే ఏడాది పెద్దబ్బాయి వలీమాకు ఫంక్షన్ హాలు మాట్లాడాడు. డబ్బు ఎక్కడి నుంచి తెచ్చాడో అడగలేదు. పిల్ల బీఎస్సీ చదివి ఇప్పుడొక డయాగ్నొస్టిక్ సెంటర్లో రక్తం శాంపిళ్లు తీస్తోంది. డాక్టర్లు రాసిన చీటీలు చదువుతుంది. తప్పులుంటే కనిపెడుతుందట కూడా.

మా సంగతీ చెప్పాలి. పత్రికల్లో వివక్ష మీద ఇన్నేళ్లుగా రాస్తున్న మేం ఆ రోజు ఆ కుర్చీలోంచి లేవలేదు. మెమో తీసి టేబుల్ మీద పెట్టి "ముందు ఇది చదువు" అనలేదు. ఫీజు తగ్గుతుంది కదా అని అక్కకు నచ్చజెప్పింది మేమే. "ఠీక్ హై భాయ్" అన్నది కూడా మేమే.

చిన్నది ఈ ఏడు పదో తరగతి రాసింది. జూన్‌లో మళ్లీ ఏదో ఒక గేటు దగ్గరికి పోవాలి. ఏ సెక్షన్‌కి ఏ లెక్చరర్ వస్తాడో, వారానికి ఎన్ని టెస్టులో, మార్కులు కాక ఇంకేం చూసి సెక్షన్ వేస్తారో కాగితం మీద రాసివ్వమని అడుగుతామని, ఇవ్వకపోతే లేచి వచ్చేస్తామని మొన్న అక్కతో అన్నాం. అక్క బియ్యం ఏరుతోంది. చేట మీది నుంచి తలెత్తలేదు.

"బడీ కే టైం కాయ్‌కు నై ఉఠే?" అంది. పెద్దదానప్పుడు ఎందుకు లేవలేదని.