కుక్క పేరు రాజుది, మరి విద్య ఎవరిది?

మీ గూడెంలో మంచి కుక్క ఉందా? "దీని ధరెంత?" అని ఎవరైనా అడిగితే మీ తాత ఏమంటాడు? నవ్వుతాడు. "కుక్కకి ధరేందిరా, ఈసారి ఈనితే ఓ పిల్లని తీస్కపో" అంటాడు. నల్లమలలో ఏ చెంచు పెంటకి వెళ్లినా ముందు పలకరించేది కుక్కే. మనకది సరుకు కాదు, ఇంటి మనిషి లెక్క.

ఇప్పుడు ఇంకో బేరం చూద్దాం. ఇంగ్లండ్‌లో తుపాకీతో పక్షుల వేట ఇప్పటికీ చట్టబద్ధమే. ఆ వేట కోసం లాబ్రడార్, స్పానియల్ కుక్కలకి తర్ఫీదు ఇచ్చి అమ్మడం అక్కడ ఒక వృత్తి. చిన్న పిల్లకి ఒక రేటు, సగం నేర్చినదానికి ఇంకో రేటు. పూర్తిగా తయారైన కుక్కయితే వేల పౌండ్లు, అంటే మన లెక్కలో లక్షలు. కొనేవాడు కూడా ఊరికే కొనడు. పొలంలో దింపి పని చూస్తాడు. తుపాకీ పేలినా బెదరకుండా కూర్చుంటుందా? ఈల వేస్తే ఉన్నచోటే ఆగుతుందా? పడిన పిట్టని పంటి గాటు పడకుండా తెచ్చి చేతిలో పెడుతుందా? తుంటి కీళ్ల పరీక్ష, కళ్ల పరీక్ష కాగితాలు అడుగుతాడు. తల్లీతండ్రీ ఎలాంటివో కనుక్కుంటాడు. అన్నీ అయ్యాకే డబ్బు తీస్తాడు.

మిత్రులారా, ఇక్కడ ఒక్క విషయం గమనించండి. చిన్న పిల్ల ధరకీ, పని నేర్చిన కుక్క ధరకీ మధ్య అంత తేడా ఎందుకు? ఆ తేడా కుక్కది కాదు. నెలల తరబడి దాని వెంట తిరిగి, ఓపికగా నేర్పిన మనిషిది. అక్కడ ఆ విద్యకి రేటు ఉంది, గౌరవం ఉంది. వాసన పట్టించడం, సైగతో ఆపడం, దూరం నుంచి కూతతో పిలవడం మన తాతలకీ తెలుసు. ఆ విద్యకి ఇక్కడ దక్కేది ఏంటి? మహా అయితే కేసు.

ఇంకో సంగతి. ఆ లాబ్రడార్ కూడా మొదట దొరల కుక్క కాదు. కెనడా తూర్పు తీరంలో న్యూఫౌండ్‌లాండ్ జాలర్లు వలలు లాగడానికి, జారిపోయిన చేపలు పట్టడానికి పెంచుకున్న నీటి కుక్కలు దాని పూర్వీకులు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్, స్కాట్లండ్ ప్రభువులు వాటిని ఓడల్లో తెప్పించుకుని, తమ ఎస్టేట్లలో పెంచి ఒక జాతిగా నిలబెట్టారు. 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ దానికి గుర్తింపు ఇచ్చింది. ఆ జాతి చరిత్రలో ప్రభువుల పేర్లున్నాయి. జాలర్ల పేర్లు లేవు.

అది ఎక్కడో దూరదేశం కథ అనుకుంటున్నారా? మన పక్క రాష్ట్రానికి రండి. కర్ణాటక బాగల్‌కోట్ జిల్లాలో ముధోళ అనే ఊరుంది (మన నిర్మల్ జిల్లా ముధోల్ కాదు). సన్నటి నడుము, పొడుగు కాళ్లు, గాలిలా పరిగెత్తే ముధోళ కుక్క అక్కడిదే. దాన్ని నిలబెట్టిన ఘనత ఆ సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడేది అని రాస్తారు. ఆయన ఒక జతని ఐదో జార్జి చక్రవర్తికి కానుకగా ఇచ్చాడని కూడా చెప్తారు. 2005లో దాని బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది. తర్వాత సైన్యం కూడా ఆ పిల్లల్ని తీసుకుని తర్ఫీదు ఇచ్చింది. 2020 ఆగస్టులో ప్రధాని రేడియోలో మెచ్చుకున్నారు. గిరాకీ పెరిగింది, ధర పెరిగింది.

మరి ఆ రాజుకి ఆ కుక్కలు ఎక్కడ దొరికాయి? బేడల దగ్గర. బేడలు వాటితో వేటాడుతుంటే రాజు చూశాడని, వాటిలోంచే మేలైనవి ఏరి పెంచాడని ఆ కథ చెప్పేవాళ్లే ఒప్పుకుంటారు. బేడలంటే ఎవరో పరాయివాళ్లు కాదు, మన బోయలకి బంధువులు. కర్ణాటకలో నాయక పేరుతో షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నారు. తరతరాలుగా ఏ పిల్లని ఉంచాలో, దేన్ని దేనితో కట్టించాలో, ఎలా నేర్పాలో చూసుకున్నది వాళ్లు. కథలో మాత్రం వాళ్లకి ఒక్క వాక్యం.

ఆ ముధోళ పక్కనే హలగలి ఉంది. 1857లో బ్రిటిష్ వాళ్లు ఆయుధాలన్నీ అప్పజెప్పమంటే అక్కడి బేడలు ఇవ్వమన్నారు. సైన్యం వచ్చి ఊరు తగలబెట్టింది. నాయకుల్ని ఉరి తీశారు. ముందు చేతిలో ఆయుధం పోయింది. తర్వాత కుక్క మీద పేరు పోయింది. రెండోదానికి సైన్యం కూడా అవసరం పడలేదు.

ఇక చట్టం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. తరమడం, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, వాటికోసం ప్రయత్నించడం కూడా వేటే. కుక్కని అడవి జంతువు మీదికి ఉసిగొల్పితే ఏమీ దొరక్కపోయినా కేసు అవుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం కూడా సంప్రదాయ హక్కుల్ని గుర్తిస్తూ వేటని మాత్రం బయట పెట్టింది. కాబట్టి తమ్ముళ్లూ, ఆవేశంతో కుక్కని తీసుకుని అడవిలోకి పోయి వీడియోలు పెట్టకండి. ఇరుక్కునేది మీరే.

కానీ అదే చట్టంలో సెక్షన్ 3(1)(కె) చదవండి. జీవవైవిధ్యానికి, సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద, మేధో సంపత్తి మీద సముదాయానికి హక్కు ఉందని రాసి ఉంది. వేట హక్కు ఇవ్వలేదు సరే. విద్య మీద హక్కు మనదే. దాన్ని ఎందుకు అడగం?

"కుక్కల వల్ల అడవికి నష్టం కదా" అని కొందరు స్నేహితులే అంటారు. అందులో నిజం ఉంది. కుక్కల జబ్బులు అడవి జంతువులకి అంటుతాయి. 2018లో గిర్‌లో సింహాలు చనిపోయినప్పుడు కనైన్ డిస్టెంపర్ వైరస్ బయటపడింది. అందుకే మన కుక్కలకి టీకాలు వేయించాలి, అడవిలోకి వదలకూడదు. పశువైద్యుడు గూడేనికి రావాలని అడగడం కూడా మన డిమాండే కావాలి.

కుక్కల్ని అమ్ముకోండి అని నేను చెప్పడం లేదు. అమ్మాలా వద్దా అనేది మీ ఊరి ఇష్టం. పరాయివాడు పేరు పెట్టి అమ్ముకునేలోపు మన పేరు రాసుకోండి అంటున్నా. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య కమిటీలు ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మొక్కలే కాదు, పెంపుడు జంతువుల జాతులు కూడా అందులోకి వస్తాయి. గ్రామసభ పెట్టి మీ కుక్కల సంగతి రాయించండి. రంగు, చెవులు, పిలుపులు, నేర్పే పద్ధతి, నేర్పిన పెద్దల పేర్లు అన్నీ. బయటివాళ్లు పిల్లల కోసం వస్తే ఒక్కరుగా ఇచ్చేయకుండా ఊరిలో మాట్లాడి ఇవ్వండి. ఎవరైనా వ్యాపారంగా చేయదలిస్తే 2017 నిబంధనలు చూసుకోండి. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ కావాలి, 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు.

ఇంకొకటి కూడా గట్టిగా అడగాలి. దేశంలో చాలా అటవీ శాఖలు వేటగాళ్లని పట్టడానికి వాసన పట్టే కుక్కల్ని వాడుతున్నాయి. ఆ కుక్కని నడిపించే ఉద్యోగం అడవి జాడ తెలిసిన మన పిల్లలకి ఎందుకు రాకూడదు? చెంచు యువకుల్ని కాపలాకి పెట్టుకుంటున్నారు కదా. కాపలాకి పనికొచ్చినవాడు కుక్క తాడు పట్టుకోవడానికి పనికిరాడా?

ఈ ఆదివారం మీ తాత పక్కన కూర్చోండి. ఆ కుక్కకి పేరెలా పెట్టావు, ఏం చెప్పి నేర్పావు, దాని తల్లి ఎవరింటిది అని అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. ఆయన పోయాక ఆ విద్య ఏ రాజు పేరు మీదో దొరుకుతుంది. అప్పుడు మనమే దాన్ని కొనుక్కోవాల్సి వస్తుంది.

జోహార్.