చదివేవారు కావలెను



సినిమా అనగానే మనకు నటులు, పాటలు గుర్తుకు వస్తాయి. ఆ సినిమా మొదట కొన్ని కాగితాల మీద ఉంటుందన్న సంగతి అంతగా తట్టదు. ఆ కాగితాలనే స్క్రీన్‌ప్లే అంటారు. హాలీవుడ్‌లో ఒక్కొక్కటి ఇంచుమించు నూరు పుటలు ఉంటుంది. ముక్కూమొహం తెలియని మనిషి దానిని రాసి పంపితే పెద్ద స్టూడియోలు సాధారణంగా చదవవు. తన కథ కాజేశారని రేపు దావా వేస్తాడేమోనని వారి భయం. ఏజెంటు ద్వారా రమ్మంటారు. ఏజెంటేమో పేరున్నవారినే చూస్తాడు. మరి కొత్తవాడికి పేరు ఎలా వస్తుంది?

ఈ చిక్కును విప్పడానికి అమెరికాలో కొందరు చేసిన ప్రయత్నాలను ఈ నెల మీ ముందు ఉంచుతున్నాము.

ఆస్కార్ అవార్డులు ఇచ్చే అకాడమీ 1986 నుంచి కొత్త రచయితలకు నికోల్ ఫెలోషిప్‌లు ఇస్తోంది. ఏటా వేలకొద్దీ రచనలు వస్తాయి, ఎంపికయ్యేది కొద్దిమందే. 1998లో అలా ఎంపికైన మైక్ రిచ్, పోర్ట్‌లాండ్ నగరంలో రేడియోలో వార్తలు చెప్పే ఉద్యోగి. ఆయన రచన 2000లో 'ఫైండింగ్ ఫారెస్టర్' చిత్రంగా వచ్చింది. పేదవాడలోని ఒక కుర్రవాడి రాతలను వృద్ధ రచయిత ఒకరు ఓపికగా చదివి దిద్దడమే అందులోని కథ!

తరువాత ఇంటర్నెట్ వచ్చింది. 2002లో మొదలైన ట్రిగ్గర్ స్ట్రీట్ అనే వేదికలో ఒక నియమం ఉండేది. తన రచనను చదివించుకోదలచినవారు ముందుగా ఇతరుల రచనలు చదివి అభిప్రాయం రాయాలి. ఈ నియమం మాకు ఎంతో నచ్చింది.

2005లో ఫ్రాంక్లిన్ లెనార్డ్ అనే యువకుడు, సినిమాగా ఇంకా రాని మంచి స్క్రీన్‌ప్లేలు ఏవని తోటి సినీ ఉద్యోగులను అడిగి, 'బ్లాక్ లిస్ట్' పేరుతో ఒక జాబితా తయారుచేశాడు. 2012 అక్టోబరులో అదే పేరుతో ఇంటర్నెట్‌లో ఎవరైనా తమ రచనను పెట్టుకునే ఏర్పాటు చేశాడు. అప్పట్లో నెలకు 25 డాలర్లు, ఒకసారి చదివించుకోవడానికి 50 డాలర్లు. అనుభవం ఉన్న పాఠకులు చదివి పదింటికి ఇన్ని మార్కులని వేస్తారు. బాగున్నవాటిని సినీరంగం వారి దృష్టికి తెస్తారు. ఫ్రెడరిక్ మెన్ష్ రాసిన 'నైటింగేల్' అలా దొరికిన రచనే. 2015లో హెచ్.బి.ఓ. టెలివిజన్‌లో ప్రసారమైంది. పిల్లలతో కూర్చుని చూసే చిత్రం కాదని మాత్రం చెప్పక తప్పదు. 2025 నుంచి నికోల్ ఫెలోషిప్‌కు కూడా సామాన్యుల రచనలు బ్లాక్ లిస్ట్ ద్వారానే చేరుతున్నాయి.

అయితే తలుపు తెరిచినంత మాత్రాన అందరికీ చోటు దొరకదు. పెట్టిన రచనల్లో అత్యధిక భాగం సినిమాలు కావు. రుసుము కట్టలేని బీదవాడు గడప దగ్గరే ఆగిపోవచ్చు. అమ్మిపెడతామని ఆశచూపి డబ్బు అడిగేవారి విషయంలో మన యువతీయువకులు జాగ్రత్తగా ఉండాలి. చదివి అభిప్రాయం చెప్పడం వేరు, అవకాశం ఇప్పిస్తామని మాట ఇవ్వడం వేరు.

ఈ ప్రయత్నాలన్నిటిలో మాకు కనిపించిన సంగతి ఒక్కటే. లోకంలో రాసేవారికి కొరత లేదు. తెలియనివాడి రాతను మొదటి పుట నుంచి చివరి పుట వరకు చదివేవారికే కొరత. ఆ కొరత మన ఇళ్లలోనూ ఉంది. మీ అమ్మాయి నోటుపుస్తకం వెనుక పేజీల్లో కథ రాసుకుంటూ ఉండవచ్చు. మీ అబ్బాయి నాటిక రాసి పరుపు కింద దాచి ఉండవచ్చు. "చదువు మానేసి ఇదేమిటి?" అనే ముందు, ఒక్కసారి అడిగి తీసుకుని పూర్తిగా చదవండి. బాగున్నచోట బాగుందనండి. అర్థం కానిచోట అర్థం కాలేదనండి. లేనిపోని పొగడ్త వద్దు, ఎగతాళి అసలే వద్దు.

దీనికి రుసుము లేదు. ఒక సాయంత్రం చాలు.