సముద్రంలో యంత్రం, ఊళ్లో మోరీ

కామారెడ్డి జిల్లా దోమకొండ నుంచి బంగాళాఖాతం చేరాలంటే మూడు నాలుగు వందల కిలోమీటర్లు పోవాలి. అయినా నడిసముద్రంలో రెండు ఓడలు పొడవాటి వల లాగుతూ ప్లాస్టిక్‌ను ఒడిసిపట్టే వీడియో ఫోన్లోకి వచ్చిందంటే, తీరం మీద వినిపించే రెండు మాటలూ ఇక్కడ వినిపిస్తాయి. "చదువుకున్నోడు, మంచి పని పట్టిండు" అనేది ఒకటి. "పారేసేటోళ్లు పారేస్తనే ఉంటరు, ఎత్తేటోడు ఎన్నని ఎత్తుతడు" అనేది రెండోది. ఈ రెండింట్లో దేన్నీ తేలిగ్గా తీసెయ్యలేం. దేన్నయినా మొత్తంగా ఒప్పుకోవడమూ కష్టమే.

బోయన్ స్లాట్ అనే నెదర్లాండ్స్ కుర్రాడు 2012లో, పద్దెనిమిదేళ్ల వయసులో, సముద్రం తనను తానే శుభ్రం చేసుకునేలా చేయొచ్చని ఒక వేదిక మీద చెప్పాడు. మరుసటి ఏడాది 'ది ఓషన్ క్లీనప్' సంస్థ పుట్టింది. ఆ ప్రసంగం చూసి ప్రపంచం నలుమూలల నుంచీ జనం చందాలు పంపారు. 2014లోనే కిమ్ మార్టినీ, మిరియమ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు సముద్ర శాస్త్రవేత్తలు ఆ నమూనాను చీల్చి చూపించి, ఇది అలలకు ఆగదన్నారు. 2018 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 600 మీటర్ల తేలియాడే గొట్టం బయల్దేరింది. పట్టిన ప్లాస్టిక్ అందులో నిలవలేదు. ఏడాది చివరికి గొట్టంలో ఒక ముక్క విరిగిపోయింది. ముందే చెప్పామన్నవాళ్లకు అప్పుడు నోరు లేచింది. కానీ ఆ సంస్థ ఆగిపోలేదు. పద్ధతి మార్చి, రెండు ఓడలతో వల లాగే ఏర్పాటు చేసి, 2021లో అది పనిచేస్తుందని చూపించింది. 2023లో వచ్చిన మూడో తరం వల దాదాపు 2.2 కిలోమీటర్ల పొడవు.

ఆశ పెట్టుకున్నవాళ్ల వాదనలో బలమెక్కడుందంటే, ఇప్పటికే నీళ్లలో ఉన్న ప్లాస్టిక్ ఊరికే ఉండదు. ఎండకు, ఉప్పుకు పెళుసెక్కి ముక్కలవుతుంది, ఆ ముక్కలు ఇంకా చిన్నవవుతాయి. డబ్బా డబ్బాగా ఉన్నప్పుడే తియ్యాలి, నలుసులైపోయాక తీసేవాడు లేడు. కొత్త చెత్త రాకుండా ఆపినా పాతది అక్కడే ఉంటుంది. పసిఫిక్‌లోని పెద్ద చెత్త సుడి మీద 2018లో వచ్చిన అధ్యయనం దాని బరువును సుమారు 79,000 టన్నులుగా అంచనా వేసింది. అందులో 46 శాతం చేపల వలలే. తెగిపోయిన వలలు చేపలను, తాబేళ్లను చంపుతూనే ఉంటాయి. వాటిని తియ్యడం దండగ అని ఎవరనగలరు?

కాదన్నవాళ్ల వాదన మూడు మెట్లుగా నడుస్తుంది. మొదటిది ప్రాణాలది. నీటి పైపొరను ఇల్లు చేసుకుని బతికే చిన్న జీవులు, నీలి జెల్లీలు, ఊదారంగు నత్తలు, ప్లాస్టిక్ పోగయ్యే సుళ్లలోనే పోగవుతాయి, వల వాటినీ లాగేస్తుంది. జీవశాస్త్రవేత్త రెబెకా హెల్మ్ 2019 నుంచీ దీన్నే గుర్తు చేస్తున్నారు. రెండోది డబ్బుది. పసిఫిక్ సుడిని పదేళ్లలో ఊడ్చడానికి 750 కోట్ల డాలర్లవుతుందని ఆ సంస్థే 2024 సెప్టెంబరులో ప్రకటించింది. చెత్త లక్ష టన్నులనుకున్నా కిలోకు 75 డాలర్లు, మన లెక్కన ఆరు వేల రూపాయల పైమాటే. మూడోది అన్నిటికన్నా గట్టిది. అదే సంస్థ 2021లో కోకాకోలాతో చేతులు కలిపింది. స్వచ్ఛంద కార్యకర్తలు ఏటా ఏరిన చెత్తలో కంపెనీల పేర్లు లెక్కపెట్టినప్పుడల్లా మొదటి వరుసలో కనిపించిన కంపెనీ అది. ఎత్తే యంత్రానికి డబ్బిచ్చి, తయారీ తగ్గించే మాట దాటేసే వీలు దొరుకుతుందన్న అనుమానం ఊరికే రాలేదు. 2024 చివర బుసాన్‌లో, 2025 ఆగస్టులో జెనీవాలో ప్లాస్టిక్ ఒప్పందం మీద దేశాలు కూర్చున్నాయి. ఉత్పత్తికి హద్దు పెట్టాలా వద్దా అన్న దగ్గరే చిక్కుకుని, ఏమీ తేల్చకుండానే లేచాయి. హద్దు వద్దన్నవాళ్లలో మన దేశమూ ఉంది.

డబ్బు వాదనను నేను పూర్తిగా ఒప్పుకోను. పసిఫిక్ కోసం చందా ఇచ్చినవాడు, అక్కడ ఇవ్వకపోతే కామారెడ్డి జిల్లా మోరీల కోసం ఇస్తాడా? ఇవ్వడు. కంటికి కనిపించే గొప్ప పనికే చెయ్యి జేబులోకి పోతుంది. కంపెనీల మీది అనుమానాన్ని మాత్రం నేను నూటికి నూరు పాళ్లూ నమ్ముతాను.

మన తెలుగు తీరం మీద ఇదే తూకం 2022లో జరిగింది. ఆగస్టు 26న విశాఖపట్నంలో 28 కిలోమీటర్ల తీరం పొడవునా వేలమంది దిగి చెత్త ఏరారు. 76 టన్నుల ప్లాస్టిక్ తీసినట్టు ప్రభుత్వం చెప్పింది. సముద్ర ప్లాస్టిక్‌ను సేకరించి వస్తువులు చేయించే 'పార్లీ ఫర్ ది ఓషన్స్' సంస్థతో ఆ రోజే ఒప్పందమైంది. అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి అదే వేదిక మీద ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామన్నారు. తీరం ఊడ్చినంతసేపూ అందరూ చప్పట్లు కొట్టారు. ఫ్లెక్సీ మాట వచ్చేసరికి ముద్రణ దుకాణాలవాళ్లు, అందులో పనిచేసేవాళ్లు మా బతుకులేమిటని రోడ్డెక్కారు. నిషేధానికి పెట్టిన నవంబరు 1 గడువు 2023 జనవరి 26కు జరిగింది. అప్పులు చేసి మిషన్లు కొన్నవాళ్ల గోడు నిజమైనదే, గడువు కోరడం న్యాయమే. కానీ ఊడ్చడానికి ఖర్చయ్యేది ఒక రోజు శ్రమ, ఆపడానికి ఖర్చయ్యేది ఎవరో ఒకరి జీవనాధారం. జనం స్పందనలో తేడా అక్కడే మొదలవుతుంది. ఆ రెండో ఖర్చు ఎవరు మోయాలో ముందే తేల్చని ప్రభుత్వం, ఏ పార్టీదైనా, గడువులు జరుపుతూనే ఉంటుంది.

కేరళ కొల్లం దగ్గరి నీండకర రేవులో 2017లో మొదలైన పని నాకు ఇంతకన్నా నచ్చింది. చేపల వలలో పడ్డ ప్లాస్టిక్‌ను మత్స్యకారులు తిరిగి సముద్రంలోకి విసరకుండా ఒడ్డుకు తెచ్చారు. అక్కడ ఆడవాళ్లు దాన్ని కడిగి, ఎండబెట్టి, యంత్రంలో తురిమి, రోడ్ల పనికి పంపారు. కొత్త ఓడ కట్టలేదు. రోజూ సముద్రానికి పోయే పడవలే సరిపోయాయి.

ఇక దోమకొండ సంగతి. ఇక్కడి వాగుల నీళ్లు తూర్పుకు పోతే మానేరు, పడమరకు పోతే మంజీర. ఏదైనా చివరికి గోదావరే. కాబట్టి మన వీధిలో పారేసిన కవరు సముద్రం చేరుతుందని బడిలో చెబుతారు. 2021లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం వేరే సంగతి చెప్పింది. నదుల గుండా సముద్రం చేరే ప్లాస్టిక్‌లో 80 శాతం వెయ్యికి పైగా నదుల నుంచి వస్తుంది. వాటిలో ఎక్కువ భాగం తీరాన్ని ఆనుకున్న నగరాల చిన్న నదులే. తీరానికి దూరంగా పడ్డ చెత్త సముద్రం దాకా పోయే అవకాశం తక్కువ. మధ్యలో గొలుసుకట్టు చెరువులున్నాయి. నర్మాల దగ్గర ఎగువ మానేరు, ఆపైన మధ్య మానేరు, దిగువ మానేరు ఉన్నాయి. అటువైపు నిజాంసాగర్, శ్రీరాంసాగర్. ఇన్ని కట్టలు దాటాక ధవళేశ్వరం. మన కవర్లలో చాలావాటికి చెరువు శిఖమే ఆఖరి మజిలీ.

ఇది విని ఊపిరి పీల్చుకునేవాళ్లుంటారు. నాకు భయం ఇక్కడే పెరుగుతుంది. సముద్రంలో ఎంత గొప్ప యంత్రం పెట్టినా మన ప్లాస్టిక్‌లో చాలా భాగం దానికి చిక్కదు. అది మన పశువు కడుపులోనే ఉంటుంది, తూములోనే అడ్డం పడుతుంది, పొలం మట్టిలోనే కలుస్తుంది. పెద్ద వరద వచ్చినప్పుడు మాత్రం లెక్క మారుతుంది. 2025 ఆగస్టు 27న, వినాయక చవితి రోజున, కామారెడ్డి జిల్లాలో ఒకచోట ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లు దాటి వాన పడింది. రోడ్లు తెగాయి, రైలు పట్టాల కింద మట్టి పోయింది. నర్మాల దగ్గర వరదలో చిక్కిన రైతులను హెలికాప్టర్‌తో తీయాల్సి వచ్చింది. అంత ప్రవాహంలో ఒడ్డున ఉన్నది ఏదీ ఆగదు, చెరువు దాచుకున్నదీ కొట్టుకుపోతుంది.

అయితే వాగులో అడ్డంగా వల కడదామనే ఆలోచన వస్తుంది. ఓషన్ క్లీనప్ వాళ్లు 2022లో గ్వాటెమాలాలోని ఒక నదిలో ఇనుప కంచె వేస్తే వరద దాని పునాదులనే తవ్వేసింది. మరుసటి ఏడాది మరోలా కట్టాల్సి వచ్చింది. మన వాగులూ అలాంటివే, పది నెలలు ఎండి రెండు రోజులు విరుచుకుపడతాయి. మత్తడి దుంకేటప్పుడు చేపలు పోకుండా మత్స్యకారులు జాలీలు కడుతుంటారు, వాటికి కొమ్మలు, కవర్లు పట్టుకుంటే నీరు వెనక్కి తన్ని కట్ట మీద బరువు పడుతుంది. అందుకే మత్తడి మీద కాదు, ఊరి మోరీ చెరువులో కలిసే చోట చిన్న జాలీ పెడితే బాగుంటుందని నా అభిప్రాయం. అక్కడ ఏడాదంతా పారేది సన్నటి ధార. వారానికోసారి తీసి శుభ్రం చెయ్యొచ్చు, పెద్ద వాన సూచన వస్తే ఎత్తి పక్కన పెట్టొచ్చు. గొప్ప యంత్రమేం కాదు. దీని వీడియో ఎవరూ పంచుకోరు కూడా.

నిజానికి మనకు ఒక యంత్రం ముందే వచ్చింది. 2019లో మొదలైన పల్లె ప్రగతిలో రాష్ట్రంలోని పంచాయతీలకు ట్రాక్టరు, డంపింగ్ యార్డు, చెత్త వేరుచేసే షెడ్డు సమకూర్చారు. దాన్ని నడిపించాల్సిన సర్పంచుల పదవీకాలం 2024 ఆరంభంలో ముగిసింది, 2025 డిసెంబరు దాకా ఎన్నికలు జరగలేదు. ట్రాక్టరుంటే చాలదు, డీజిలు కావాలి, కార్మికుడికి జీతం నెలనెలా అందాలి. సముద్రంలో యంత్రం గురించి శాస్త్రవేత్తలు అడిగినవన్నీ మన ట్రాక్టరును కూడా అడగాలి: పట్టింది నిలుస్తోందా, నిలిచింది ఎక్కడికి పోతోంది, ఖర్చు ఎవరిది?

రెండో ప్రశ్నే చిక్కు. నీళ్ల సీసాలు పాత సామాన్లవాళ్లు కొంటారు. చిప్స్ ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు, పల్చటి కవర్లు ఎవరూ కొనరు. అవే యార్డులో తగలబడి పొగవుతాయి. వాటిని సిమెంటు ఫ్యాక్టరీల కొలిమిలో బొగ్గుతోపాటు కాల్చే పద్ధతి దేశంలో నడుస్తోంది. ఆరుబయట కాల్చడం కన్నా అది నయం, అసలు తయారు కాకపోవడం కన్నా నయం కాదు. ప్యాకింగ్ ప్లాస్టిక్‌ను తిరిగి సేకరించే బాధ్యత తయారీదార్లదేనని 2022 నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి రవాణా ఖర్చు భరించమని పంచాయతీ వాళ్లను అడగడంలో తప్పులేదు. ఒక్క దోమకొండ కవర్లకు లారీ నిండదు. మండలంలోని ఊళ్లన్నీ ఒకే షెడ్డుకు తోలితే నిండుతుంది. కొత్త సర్పంచులు గ్రామసభలో ముందు ఆ షెడ్డు ఎక్కడో, ట్రాక్టరు పోయిన నెలలో ఎన్ని రోజులు తిరిగిందో చెప్పాలి.