పిలుపు ఒకరికి... రాక పదిమందికి!

పెళ్లికి మేనమామ రావాలి. ఆయన రావాలంటే అత్తయ్య కదలాలి. అత్తయ్య కదలాలంటే ఇంట్లో ముసలావిడకి ఎవరో ఒకరు తోడుండాలి. ఒక్క శుభలేఖ వెనక ఎంత కథో! కంప్యూటర్లోనూ అచ్చం ఇంతే.

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998 నవంబరులో మొదలైంది. ఆ రోజుల్లో లినక్స్ నేర్చుకునే కుర్రాళ్లకు చుక్కలు కనిపించేవి. ఒక ప్రోగ్రామ్ ఎక్కిద్దామంటే 'ఫలానా లైబ్రరీ లేదు' అనేది. అది వెతికి తెస్తే ఇంకోటి అడిగేది. ఈ తిప్పలకి పడ్డ పేరే 'డిపెండెన్సీ హెల్'.

ఇంతకీ లైబ్రరీ అంటే? ఉమ్మడి కుటుంబంలో వాటాకో రోలు పెట్టుకోరు కదా. పెరట్లో ఉన్న ఒక్క రోలే అందరికీ. అలా ప్రోగ్రాములన్నీ కలిసి వాడుకునే పనిముట్టే లైబ్రరీ. జాగా కలిసొస్తుంది. కాకపోతే, రోలు పగిలితే అన్ని వంటిళ్లూ ఆగిపోతాయి.

1999 మార్చిలో డెబియన్ 2.1తో 'ఆప్ట్' వచ్చాక కష్టం తగ్గింది. ప్రతి ప్యాకేజీ దగ్గరా తనకేం కావాలో, ఎవరితో పడదో రాసిన చీటీ ఉంటుంది. ఆప్ట్ ఆ చీటీలన్నీ చదివి, కావలసినవన్నీ తనే తెచ్చి వరసలో పెడుతుంది. డెబియన్‌లో 'ఫాంట్స్-తెలు' అని అడిగి చూడండి. అందులో సొంతంగా ఒక్క అక్షరమూ ఉండదు. కానీ తన వెంట లోహిత్‌నీ, తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లనీ తీసుకొస్తుంది!

అయితే ఈ చుట్టరికంలో ప్రమాదమూ ఉంది. దూరంగా ఉన్న సర్వర్లోకి లాగిన్ కావడానికి వాడేది ఎస్ఎస్‌హెచ్. డెబియన్, ఫెడోరాల్లో దానికి సిస్టమ్‌డి లైబ్రరీని జతచేశారు. ఆ లైబ్రరీకి అప్పట్లో 'ఎక్స్‌జడ్' అనే చిన్న లైబ్రరీ కావాల్సివచ్చేది. దాన్ని ఏళ్ల తరబడి జీతంలేకుండా చూసుకున్నది ప్రధానంగా ఒక్క మనిషి. సాయం చేస్తానంటూ మారుపేరుతో చేరిన ఇంకొకరు రెండేళ్లపాటు నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొంగ తలుపు పెట్టారు.

2024 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఇంజినీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్, లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటా అని తవ్వితే బండారం బయటపడింది. అప్పటికది ఎక్కువగా పరీక్షల దశలో ఉన్న వెర్షన్లలోకే చేరింది. అందుకే గండం తప్పింది. లేదంటే మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడలనుంచి నడిచే సర్వర్లకీ ముప్పు వచ్చేదే.

విందు బాగుందని అందరూ అంటారు. పెరట్లో రుబ్బుతున్నదెవరని అడిగేవాళ్లే తక్కువ!