ఎర్రబండి వయసెంత?

మొన్న ఆదివారం ఆళ్ళగడ్డ నుంచి మా అక్క కొడుకు నంద్యాల వచ్చాడు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక సినిమా చూస్తున్నాం. కథ 1950లో జరుగుతున్నదని మొదట్లోనే అక్షరాలు వేశారు. తెరమీద కొంప అంటుకున్నది. గణగణ గంట కొట్టుకుంటూ ఫైరింజను వచ్చింది. అందరం ఊపిరి బిగబట్టాం. మావాడు మాత్రం, "మామా, ఇది 1950 నాటి బండి కాదు!" అన్నాడు.

"నీకెలా తెలుసురా?"

"ముందు నక్షత్రం గుర్తు చూడు. టాటా లారీ అది."

నిజమే! టాటావారు జర్మనీ బెంజి కంపెనీతో కలిసి లారీలు చేయడం మొదలుపెట్టింది 1954లో. ఆ పొత్తు 1969తో తీరింది, నక్షత్రమూ పోయింది. మరి నాలుగేళ్ళు ముందుగా ఆ బండి ఎలా వచ్చినట్టు?

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, బండ్ల గొడవ నాకెందుకంటారా? తాళపత్రం కాలం తేల్చడానికి మేం అక్షరాల తీరు చూస్తాం. ఇదీ అంతే. ఎర్రరంగు చూసి మోసపోకూడదు. గుర్రాలు లాగే బండిమీద పొగగొట్టం కనిపిస్తే అది ఆవిరి పంపు. ఆ ఆవిరి నీళ్ళు తోడడానికే గాని బండి లాగడానికి కాదు. అలాంటిది లండనులో 1829లోనే తయారైంది. 1916లో చాప్లిన్ తీసిన 'ది ఫైర్‌మన్' చూడండి, ఇంజనును గుర్రాలే లాగుతాయి.

మోటారు వచ్చాక కూడా మనుషులు బండికి రెండు పక్కలా, వీపులు లోపలికీ మొహాలు బయటికీ పెట్టి కూర్చునేవారు. ఆ తీరుకు బ్రెయిడ్‌వుడ్ అని పేరు. ఎడింబరోలో 1824లో అగ్నిమాపక దళాన్ని నడిపి, తర్వాత లండను దళానికి పెద్దయి, 1861లో మంటలార్పుతూ గోడ కూలి చనిపోయిన జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ పేరు అది. మలుపుల్లో మనుషులు జారి పడుతుంటే, 1930ల నుంచి నాలుగువైపులా మూసిన బండ్లు వచ్చాయి. కనుక మనుషులు బయట వేలాడుతుంటే బండి పాతదనుకోవచ్చు.

ఇదంతా చెప్పి మావాడి ముందు పెద్దరికం నిలుపుకున్నాను. ఈలోగా తెరమీద మంటలు రెండు నిమిషాల్లో ఆరిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది.

1989 ఎండాకాలం. ఆళ్ళగడ్డ దగ్గర మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నం మా వామిదొడ్డి అంటుకున్నది. మనిషి సైకిలు మీద ఆళ్ళగడ్డకు పోయి ఫోను చేయించాడు. ఇంజను నంద్యాల నుంచి రావాలి. ఆళ్ళగడ్డ దాకానే నలభై కిలోమీటర్లు, అవతల మట్టిదారి. నాకు అదే మొదటిసారి ఫైరింజను చూడడం. గొట్టం చుట్ట విప్పడం, ఇత్తడి మూతి బిగించడం, నీళ్ళు ఎగజిమ్మడం అన్నీ తిరునాళ్ళలాగా చూశాను. ఏడాది మేత బూడిదైందనీ, నెల తిరగకుండా ఎద్దుల జత సంతకు పోతుందనీ ఆ వయసుకు తెలియలేదు.

చాలా ఏళ్ళకు అవ్వను అడిగాను: "ఆ పొద్దు వచ్చిన బండి ఎట్లుండె అవ్వా?"

"ఎట్లుంటే ఏంది నాయనా, పొద్దు గూకినాక వచ్చింది" అన్నది.