మూసలో కరుగుతున్న వరహాలు

* కంపెనీ కాలపు బంగారు నాణేలకు లోహం ధరే గతి
* నిజాయతీగా అప్పగించిన వారికి దక్కేది స్వల్పం
* 1878 నాటి చట్టంలోనే అసలు లోపం

పునాది తవ్వుతుండగానో, పొలం చదును చేస్తుండగానో మట్టికుండలో బంగారు నాణేలు బయటపడితే వాటికి రెండు దారులున్నాయి. ఒకటి తహసీల్దారు కార్యాలయం మీదుగా ఖజానాకు, అక్కడినుంచి మ్యూజియానికి వెళ్లే దారి. రెండోది కంసాలి కొలిమికి పోయే దారి. రెండో దారి దగ్గర. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం ధర లక్ష రూపాయలు దాటిన తరువాత అది మరింత ఆకర్షణీయమైంది. పందొమ్మిదో శతాబ్దం తొలి దశాబ్దాల నాటి నాణేలకు ఈ ముప్పు అధికం. విజయనగర రాజుల నాటివైతే కనీసం పేరు చెప్పి దాచుకునేవారుంటారు. కంపెనీ కాలపు వరహాలను పాతబంగారం కిందనే జమకడుతున్నారు.

ముప్పై ఏళ్లలో మూడు మార్పులు

కోస్తా జిల్లాలు, 1800లో నిజాం కంపెనీకి దత్తం చేసిన రాయలసీమ జిల్లాలు ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. శిస్తు లెక్కలన్నీ వరహాల్లోనే సాగేవి. వరహాకు 42 పణాలు, పణానికి 80 కాసులు. ఒకవైపు విష్ణుమూర్తి, మరోవైపు సన్నని చుక్కల నడుమ నక్షత్రం ఉన్న వరహాను ఇంగ్లిషువారు స్టార్ పగోడా అన్నారు. దాని బరువు సుమారు 3.4 గ్రాములు.

1808 ప్రాంతంలో మద్రాసు టంకశాల నుంచి కొత్త తరహా వరహాలు, రెండు వరహాల నాణేలు వెలువడ్డాయి. ఒకవైపు నక్షత్రాల మధ్య ఆలయ గోపురం, దాని చుట్టూ ఇంగ్లిషు, పారశీక అక్షరాలు. మరోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు. ఒక్క నాణెంపై నాలుగు భాషలు కొలువుదీరాయి. కొత్త వరహా బరువు సుమారు 3 గ్రాములే అయినా వన్నె ఎక్కువ. కనుక పాత, కొత్త వరహాల్లోని అసలు బంగారం దాదాపు సమానమే.

ఈ ఏర్పాటు పదేళ్లే నిలిచింది. 1818 జనవరిలో మద్రాసు ప్రభుత్వం వెండి రూపాయిని ప్రమాణంగా ప్రకటించింది. వంద వరహాలకు 350 రూపాయల చొప్పున లెక్కలు మార్చింది. 1819లో కంపెనీ రాజచిహ్నంతో 11.66 గ్రాముల బంగారు మొహరును తెచ్చింది. 1835 నాటి చట్టంతో కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే నాణేలు వచ్చాయి. నాలుగో విలియం తల, వెనుక తాటిచెట్టు ముందు సింహం ఉన్న మొహరు ఆ ఏటిదే. మద్రాసు టంకశాల 1869లో మూతపడింది. నేటి చెన్నైలోని మింట్ వీధి పేరులో మాత్రం అది మిగిలింది.

అటు హైదరాబాదు రాజ్యంలో నిజాములు మొగలు పాదుషా పేరిటే అష్రఫీలు ముద్రించేవారు. నిజాం పేరులోని తొలి అక్షరం మాత్రమే నాణెంపై కనిపించేది.

చెల్లుబాటు పోయిన వరహాల్లో చాలాభాగం కరిగి నగలయ్యాయి. కొన్ని కొంకీలు తొడిగించుకుని మెడలోని పేర్లలోకి చేరాయి. మిగిలినవి భూమిలో ఉండిపోయాయి. నేడు బయటపడుతున్నవి ఆ మిగిలినవే.

నాణెం చెప్పే సాక్ష్యం

సేకర్తకు నాణెం విలువ మూడింటిపై ఆధారపడుతుంది. ఆ రకం ఎంత అరుదు, అచ్చు ఎంత చెక్కుచెదరకుండా ఉంది, ఎక్కడినుంచి వచ్చింది అన్నవే అవి. కంసాలి గీటురాయిపై ఒక్కసారి రుద్దితే రెండోది దెబ్బతింటుంది. కొంకి అతికించినా, చింతపండుతో తోమి మెరుగుపెట్టినా ధర పడిపోతుంది. ఇక మూడోది చెదిరితే తిరిగి రాదు. కుండలోని నాణేలన్నీ కలిసి ఉంటే వాటిలో అన్నిటికన్నా కొత్తదాన్ని బట్టి అది పాతిపెట్టిన కాలాన్ని అంచనా వేయవచ్చు. వరహాలతో పాటు రూపాయలు ఉన్నాయా, మొహరులు ఉన్నాయా అన్నదాన్ని బట్టి 1818 మార్పు పల్లెలకు ఎంత త్వరగా చేరిందో తెలుస్తుంది. నలుగురు కూలీలు పంచుకుని నాలుగు ఊళ్లలో అమ్మితే ఆ సాక్ష్యం అంతటితో పోయినట్లే.

చట్టం ఏమంటోంది?

నేలలో దొరికిన విలువైన వస్తువులకు 1878 నాటి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. దొరికినదాని విలువ పది రూపాయలకు మించితే కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి. ఖజానాలో జమచేయాలి లేదా హామీ ఇవ్వాలి. కలెక్టరు ప్రకటన జారీ చేసి, నాలుగు నెలల తరువాత, ఆరు నెలల లోపు ఒక తేదీన హక్కుదారులను విచారిస్తారు. యజమాని లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికించుకున్నవారికి నాలుగింట మూడు వంతులు, భూయజమానికి ఒక వంతు చెందుతాయి. తెలపకుండా దాచితే ఏడాది వరకు జైలు, జరిమానా లేదా రెండూ. పైగా వాటా కూడా పోతుంది.

దొరికిందంతా సర్కారు పట్టుకుపోతుందన్న ప్రచారం పల్లెల్లో బలంగా ఉంది. అది నిజం కాదు. ప్రభుత్వం సొంతం చేసుకోదలిస్తే సొమ్ము చెల్లించి తీరాలి.

లోపం ఎక్కడ?

ఎంత చెల్లించాలన్న దగ్గరే చిక్కు. లోహం విలువ, దానిపై ఐదో వంతు అని చట్టం చెబుతోంది. ఆరు గ్రాముల రెండు వరహాల నాణేన్నే తీసుకుందాం. అందులో మేలిమి సుమారు ఐదున్నర గ్రాములు. పది గ్రాములు లక్ష చొప్పున అది 55 వేల రూపాయలు. ఐదో వంతు కలిపితే 66 వేలు. అందులో నాలుగో వంతు భూయజమానికి పోతే కూలీకి మిగిలేది 49,500. అదీ నెలల తరబడి నిరీక్షించాక. కంసాలి తరుగు తీసినా ఆ సాయంత్రమే సొమ్ము చేతిలో పెడతాడు. పంచనామాలు, స్టేషన్ చుట్టూ తిరుగుళ్లు ఉండవు. మంచి స్థితిలోని ఇలాంటి నాణెం వేలంలో లోహం ధరకు మించి పలకడం మామూలే. ఆ అదనపు విలువ నిజాయతీగా అప్పగించినవారికి దక్కే మార్గాన్ని చట్టం చూపలేదు. అరుదైన నాణేనికీ, అంతే బరువున్న బంగారు ముక్కకూ అది తేడా చూడదు.

ఈ చట్టం చేసిన ఇంగ్లిషువారు తమ దేశంలో దారి మార్చుకున్నారు. అక్కడి 1996 చట్టం ప్రకారం నిక్షేపాన్ని మ్యూజియం తీసుకుంటే మార్కెట్ విలువ మేరకు ప్రతిఫలం ఇస్తారు. దొరికినవాటిని స్వచ్ఛందంగా నమోదు చేయించే పథకం 1997లో మొదలైంది. అప్పగించడం లాభమని తెలిసినచోట దాచవలసిన అవసరం తగ్గుతుంది.

నకిలీలతో జాగ్రత్త

లంకెబిందెలు దొరికాయంటూ ఇత్తడి నాణేలు అంటగట్టే ముఠాలు ఈ భయాన్నే పెట్టుబడిగా మార్చుకుంటున్నాయి. రహస్యంగా కొన్నవారు మోసపోయినా ఫిర్యాదు చేయలేరు. నీటిలో తూచి సాంద్రత చూస్తే తేడా తెలుస్తుంది. 22 క్యారెట్ల బంగారం సాంద్రత 17కు పైన, ఇత్తడిది ఎనిమిదిన్నర దరిదాపుల్లో ఉంటుంది. పోతపోసిన నాణెం అంచున అతుకు గీత, ఉపరితలంపై సన్నని గుంతలు కనిపించవచ్చు.

తాతల నుంచి ఇంట్లో వస్తున్న నాణేలకు నిక్షేపాల చట్టంతో పనిలేదు. వాటిని ఉంచుకోవడం, సేకరించడం నేరం కాదు. అయితే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి.

చేయవలసినది

ప్రతిఫలాన్ని మార్కెట్ విలువతో ముడిపెట్టాలంటే చట్ట సవరణ అవసరం. అంతవరకు ఆగనక్కర లేని పనులూ ఉన్నాయి. కూలీకి మూడు వంతుల వాటా ఉందన్న సంగతిని గ్రామ సభల్లో, ఉపాధి హామీ పనుల చోట చెప్పవచ్చు. నాణేలు జమచేసిన రోజే బరువు, సంఖ్య, ఫొటోలతో రసీదు ఇవ్వవచ్చు. పంపకానికి ముందే పురావస్తు శాఖ సిబ్బంది వచ్చి కుండలోని నాణేలన్నిటినీ నమోదు చేయవచ్చు. తరువాత అవి ఎవరి వాటాకు పోయినా, వివరాలు ప్రజలకు మిగులుతాయి. బంగారం ధర పెరిగేకొద్దీ కొలిమి పిలుపు బలపడుతుంది. కరిగిన వరహాను మళ్లీ ముద్రించే టంకశాల లేదు.