పాత రబ్బరు ఏదీ?

ఆయిల్, ఫిల్టర్ మార్పించి బయల్దేరాను. బెంజి సర్కిల్ దాటకముందే డ్యాష్‌బోర్డులో నూనె కూజా బొమ్మ ఎర్రగా వెలిగింది. ఇంజను ఆపి దిగితే రోడ్డంతా నల్లటి చార. ఫిల్టర్ విప్పాక తెలిసింది: పాత రబ్బరు వాషర్ ఇంజనుకే అతుక్కుని ఉంది, దానిమీదే కొత్తది బిగించేశారు. రెండు రబ్బర్లు జోడుగా నిలవవు, ఒత్తిడికి జారిపోతాయి.

"ఎండలండీ, అంటుకుంటాయి" అన్నాడు మెకానిక్. ఎండ కాదు, ఇంజను వేడి. పైగా పోయినసారి ఎవరో పొడి వాషర్‌ని పానాతో బిగించిన పాపం. వాషర్‌కి వేలితో కాస్త కొత్త ఆయిల్ రాసి, రబ్బరు ఆనాక చేత్తోనే ముప్పావు చుట్టు తిప్పితే సాధారణంగా చాలు.

షెడ్డులో టీ తాగుతూ దూరంగా కూర్చోకండి. విప్పిన ఫిల్టర్‌కి రబ్బరు ఉందో లేదో మీ కళ్లతో చూశాకే కొత్తది ఎక్కించమనండి.